ఏమీ జరగని పది నెలలు

"ఏమిటి విశేషాలు?" అని ఎవరైనా అడిగితే మన ఆడవాళ్ళం ఇచ్చే జవాబు ఒక్కటే. "ఏముంటాయండీ, మామూలే!" ఆ మామూలు వెనక ఎంత కథ వుంటుందో మనకే తెలుసు. పాలు పొంగి స్టవ్ ఆరిపోకుండా చూడాలి. చంటివాడు మెట్ల మీంచి దొర్లకుండా చూడాలి. మామగారు బీపీ మాత్ర మరిచిపోకుండా చూడాలి. కందిపప్పుకి పురుగు పట్టకుండా చూడాలి. పొద్దుటినించి రాత్రిదాకా మనం చేసే పనిలో సగం, ఏదో ఒకటి జరక్కుండా చూడటమే. అందుకే దానికి లెక్కా వుండదు, పద్దూ వుండదు. జరిగిందాన్ని వేలుపెట్టి చూపించవచ్చుగానీ, జరగనిదాన్ని ఎలా చూపిస్తాం చెప్పండి!

ఈ సంగతి ఇప్పుడెందుకు ఎత్తానంటే, ఈమధ్య నేనొక శాస్త్ర పరిశోధన గురించి చదివాను. అందులో పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్ళు పది నెలలపాటు కళ్ళల్లో వత్తులేసుకుని కాచుకున్నది సరిగ్గా దీనికోసమే: ఏమీ జరక్కుండా వుంటుందా అని. ఆ పది నెలలూ భరించినవి రెండు గొర్రెలు. ఊరు ఫ్రాన్సు దేశంలోని గ్రెనోబ్ల్. ఆల్ప్స్ కొండల మధ్య వున్న పట్నం.

బి.ఏ.లో చరిత్ర, రాజనీతి చదివి, తరవాత నవలలు రాసుకుంటూ బతుకుతున్నదాన్ని నాకు గొర్రెల మెదడుతో ఏం పని అని మీరు అడగవచ్చు. పని మా అక్క పెట్టింది.

మా అక్క కొడుక్కి ఇరవై నాలుగేళ్ళు. మూడేళ్ళ క్రితం మోటారు సైకిలు మీంచి పడ్డాడు. ప్రాణం దక్కిందిగానీ మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతింది. మెదడు చక్కగా పనిచేస్తుంది, మాట చక్కగా వుంది, నవ్వు మరీ చక్కగా వుంది. మెడ కింద మాత్రం మనిషి తన మాట వినడు. "నా కాళ్ళకీ నాకూ మాటల్లేవు పిన్నీ" అంటాడు వాడు. వాడు నవ్వుతూ అంటే మేమూ నవ్వుతాం. నవ్వి, వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకుంటాం.

2023 మే నెలలో ఒక వార్త వచ్చింది గుర్తుందా? గెర్ట్-యాన్ ఆస్కమ్ అనే డచ్చి దేశస్థుడు. 2011లో చైనాలో సైకిలు ప్రమాదంలో వెన్నుపాము దెబ్బతిని నడక పోగొట్టుకున్నాడు. స్విట్జర్లాండులో లోజాన్ అనే ఊళ్ళో డాక్టర్లు అతని పుర్రెలో రెండు పరికరాలు అమర్చారు. "అడుగు వెయ్యాలి" అని అతను అనుకోగానే మెదడులో పుట్టే విద్యుత్ సంకేతాన్ని అవి పట్టుకుంటాయి. తీగ లేకుండా, రేడియోలో పాట వచ్చినట్టు, ఆ సంకేతం బయట వున్న చిన్న కంప్యూటరుకి వెళుతుంది. అక్కణ్ణించి వెన్నుపాము దగ్గర పెట్టిన ఇంకో పరికరానికి చేరుతుంది. తెగిన దారికి పక్కనించి వంతెన వేసినట్టన్న మాట. అతను లేచి నడిచాడు. చేతికర్రల సాయంతోనే అనుకోండి, నడక నడకే కదా!

ఆ వీడియో మా అక్కకి ఎవరో వాట్సప్‌లో పంపారు. రాత్రి పదిన్నరకి నాకు ఫోను. "ఏమే, చూశావటే? ఆ అబ్బాయి నడుస్తున్నాడే! మనవాడికెప్పుడే? నువ్వు నాలుగు పుస్తకాలు చదివేదానివి, కనుక్కుని చెప్పు."

అక్క అడిగితే కాదనగలనా! చదవడం మొదలుపెట్టాను. ఆస్కమ్ పుర్రెలో పెట్టిన పరికరం ఎక్కడిదా అని వెతుక్కుంటూ పోతే గ్రెనోబ్ల్‌లో తేలాను. అక్కడ క్లినాటెక్ అనే పరిశోధనా సంస్థ వుంది. దాని వెనకవున్న పెద్దమనిషి అలిమ్ లూయీ బెనాబిద్ అనే మెదడు శస్త్రవైద్యుడు. 1987లో మెదడు లోపలికి సన్నని తీగ పంపి, విద్యుత్తుతో వణుకుడు జబ్బుని అదుపులో పెట్టే పద్ధతి కనిపెట్టినాయన. మన హైదరాబాదులోనూ పార్కిన్సన్ రోగులకి ఆ చికిత్స ఇప్పుడు చేస్తున్నారు.

క్లినాటెక్ వాళ్ళ పరికరం పేరు విమాజిన్. అయిదు సెంటీమీటర్ల వెడల్పున్న గుండ్రటి టైటానియం బిళ్ళ. మూత వున్న కుంకుమభరిణె అనుకోండి. పుర్రెలో అంతమేర ఎముక గుండ్రంగా కోసి తీసి, ఆ ఖాళీలో దీన్ని కూర్చోబెడతారు. అడుగుభాగాన అరవై నాలుగు చిన్న చిన్న లోహపు చుక్కలు. అవి మెదడులోకి గుచ్చుకోవు. మెదడుని కప్పివుంచే దళసరి పొర మీద ఆని, లోపలి గుసగుసలు వింటాయి. లోపల బ్యాటరీ కూడా లేదు. తలమీద పెట్టుకునే తొడుగునించే దానికి కరెంటు అందుతుంది, చర్మంలోంచే.

చదవగానే నాకు వచ్చిన మొదటి ఆలోచన మీకూ వచ్చే వుంటుంది. అంత అద్భుతమైన వస్తువు చేతిలో వుంటే ఆలస్యం దేనికి? మంచంలో వున్నవాళ్ళకి ఒక్కొక్క రోజూ ఒక్కొక్క ఏడాది కదా!

జవాబు మన ఇళ్ళల్లోనే వుంది. ఆడపిల్లకి చెవులు కుట్టించిన తల్లులందరికీ తెలుసు. బంగారపు తీగ పెడితే నాలుగు రోజుల్లో మానుతుంది. కక్కుర్తిపడి గిల్టు పుల్ల పెట్టామా, పుండు పడుతుంది, చీము కారుతుంది. చెవితమ్మె తేడా కనిపెట్టినట్టే ఒళ్ళంతా కనిపెడుతుంది. బయటి వస్తువేదైనా లోపలికొస్తే దాని చుట్టూ పొర అల్లి వెలివేస్తుంది. టైటానియంతో ఒంటికి పెద్దగా పేచీ లేదు. కానీ పరికరమంటే టైటానియం ఒక్కటే కాదు కదా. చుక్కలున్నాయి, వాటిని పట్టి వుంచే మెత్తని రబ్బరులాంటి పొర వుంది, అతుకులున్నాయి. పొర మరీ మందంగా అల్లుకుంటే గుసగుస వినబడదు. అది ఇవాళ పెడితే రేపు తెలిసేది కాదు.

రెండోది తడి. మన ఒళ్ళు లోపల ఉప్పునీటి కయ్య. ఇనప్పెట్టెలో పెట్టినా ఎక్కడో వెంట్రుకవాసి సందులోంచి చెమ్మ చేరుతుంది. ఎలక్ట్రానిక్ సరుకు అంతటితో సరి. ఆవకాయ జాడీకి వాసెన కట్టిన రోజున ఎవరైనా "ఈ ఏడు భేషుగ్గా నిలవుంది" అంటారా? శ్రావణం దాటాలి, కార్తీకం దాటాలి, మళ్ళీ మామిడికాయ వచ్చే రోజుల్లో అడుగుముక్క తీసి చూసినప్పుడు అనాలి ఆ మాట. ఏడాది నిలవ వుంటుందా లేదా అన్నది ఏడాది అయితేగాని తెలియదు. ఎంత డబ్బు పోసినా, ఎంత పెద్ద యంత్రం తెచ్చినా, కాలానికి బదులు కాలమే.

మూడోది వేడి. సెల్‌ఫోను కాసేపు చెవిదగ్గర పెట్టుకుంటే ఎలా కాగుతుందో చూస్తున్నాం కదా. మెదడుకి వేడి గిట్టదు. ఒంట్లో పెట్టే ఇలాంటి పరికరం పైభాగం శరీరపు వేడికంటే రెండు డిగ్రీల సెల్సియస్ మించి వేడెక్కకూడదని అంతర్జాతీయ ప్రమాణం. అమెరికాలో బ్రౌన్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2013లో ఇలాంటి మరో పరికరం గురించి ప్రకటించారు. దాన్ని మూడు పందులకీ, మూడు కోతులకీ అమర్చారు. దాంట్లో బ్యాటరీ వుంది. రెండు గంటలు చార్జి చేస్తే ఆరుగంటల పైన నడిచేది. చార్జి చేసేటప్పుడు వేడెక్కకుండా చల్లటినీళ్ళతో దాన్ని చల్లబరిచేవారట! అది ఏడాదికి పైగా పనిచేసిందని రాశారు.

మరి తీగ పెడితే ఈ తిప్పలన్నీ లేవు కదా అనవచ్చు. నిజమే. చాలాకాలం తీగలతోనే చేశారు. పుర్రెలోంచి చర్మం చీల్చుకుని బయటికి వచ్చే తీగ ఎప్పుడూ మూతపడని గుమ్మంలాంటిది. సూక్ష్మజీవులకి స్వాగత తోరణం. పైగా జంతువుని కదలకుండా కట్టెయ్యాలి. తీగ లేకపోతే పంది తన పందిరిలో తిరుగుతుంది, కోతి పక్క కోతితో ఆడుకుంటుంది. మెదడు తన మానాన తను వుంటుంది. అప్పుడు వినబడేదే అసలు సంగతి. ఆ జీవికి కొంత హింస తగ్గే మాట కూడా నిజం.

ఇంక గొర్రె సంగతి. గొర్రే ఎందుకు, ఎలకని పెట్టుకోకూడదా అంటే, బిళ్ళ వెడల్పు అయిదు సెంటీమీటర్లని ఇందాక చెప్పాను కదా. ఎలక తలకంటే బిళ్ళే పెద్దది. మనిషికి పెట్టబోయే వస్తువుని అదే కొలతలో, అదే బరువుతో పరీక్షించాలంటే దాన్ని మొయ్యగల పుర్రె వుండాలి. అలా గొర్రె వంతు వచ్చింది. 2019లో వాళ్ళు అచ్చువేసిన పత్రం ప్రకారం రెండు గొర్రెలకి ఆ బిళ్ళలు అమర్చి పది నెలలు గమనించారు. సంకేతం అందుతోందా, చుక్కలు పనిచేస్తున్నాయా అని మళ్ళీ మళ్ళీ కొలుచుకున్నారు.

ఆ పది నెలల్లో విశేషాలేమిటంటే, మామూలే!

అక్కడ నేను కాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. ఎందుకంటే ఇలాంటి పరీక్షలకి ఒక ముగింపు వుంది. పరికరం కింద మెదడు పొరలు ఎలా వున్నాయో సూక్ష్మదర్శినిలో చూస్తేగాని పరీక్ష పూర్తికాదు. అది చూడాలంటే గొర్రె బతికి వుండటానికి వీల్లేదు. మత్తిచ్చి, నొప్పి తెలియకుండానే ప్రాణం తీస్తారు. ఏమీ జరగలేదని రుజువు చేసుకోవడానికి చిట్టచివర జరిగేది అదీ.

పేరు పొందే జంతువులు వేరే వుంటాయి. 1963లో స్పెయిన్ దేశంలో, కోర్డోబా దగ్గర, హోసే డెల్గాడో అనే శాస్త్రజ్ఞుడు ఎద్దులబరిలోకి దిగాడు. ఎద్దు మెదడులో ముందే తీగలు అమర్చి వుంచాడు. ఆయన చేతిలో రేడియో పెట్టె. పోట్లగిత్త బుసలుకొడుతూ మీదికొస్తోంది. దగ్గరికి రానిచ్చి మీట నొక్కాడు. గిత్త ఆగిపోయింది! ఆ ఫోటో 1965లో ప్రపంచమంతా తిరిగింది. మనుషుల మనసుల్ని కూడా ఇలాగే మీట నొక్కి ఆడిస్తారా అని జనం హడలిపోయారు. ఎద్దుకి కోపం తగ్గిందని ఆయనన్నాడు. కోపమూ లేదు, పాడూ లేదు, కదలిక తన్నుకుపోయి పక్కకి తిరిగిందంతే అన్నారు మిగతావాళ్ళు. ఏమైతేనేం, ఒక్క క్షణం బొమ్మ అది. ఆ తీగలు ఆర్నెల్ల తరవాత ఎద్దు తలలో ఏం చేస్తాయి అన్న ప్రశ్న ఏ ఫోటోలోనూ పట్టదు. ఆ ప్రశ్నకి జవాబు చెప్పేది గ్రెనోబ్ల్ గొర్రెల్లాంటివే.

కథల్లోనూ అంతే చూడండి. కత్తి దూసే హీరోకి పేరు. తెల్లవార్లూ దీపం ఆరిపోకుండా కూర్చున్న ముసలమ్మకి పేరుండదు. నవలలు రాసేదాన్ని, ఆ కిటుకు నాకూ తెలుసు.

తొందరపడితే ఏమవుతుందో చెప్పే వార్తలూ వచ్చాయి. అమెరికాలో న్యూరాలింక్ అనే కంపెనీ వుంది, ఈలాన్ మస్క్‌ది. 2020లో గెర్‌ట్రూడ్ అనే పందిని, 2021లో ఆలోచనతోనే బంతాట ఆడే పేజర్ అనే కోతిని లోకానికి చూపించింది. వాటికి పేర్లున్నాయి చూశారా! 2022 డిసెంబరులో రాయిటర్స్ వార్తాసంస్థ ఒక కథనం రాసింది. 2018నించి ఆ కంపెనీ పరీక్షల్లో సుమారు 1,500 జంతువులు చనిపోయాయనీ, వాటిలో 280కి పైగా గొర్రెలూ పందులూ కోతులేననీ, పై నించి తొందరపెట్టడంవల్ల పొరపాట్లు జరిగి కొన్ని పరీక్షలు మళ్ళీ చెయ్యాల్సి వచ్చిందని అక్కడి ఉద్యోగులే వాపోయారనీ అందులో వుంది. 2024 జనవరిలో ఆ పరికరం మొదటి మనిషికి పెట్టారు. నోలండ్ ఆర్బా అనే యువకుడు. అతనూ మెడ కింద చచ్చుబడినవాడే. చదరంగం ఆడాడు, ఆనందించాడు, మనమూ సంతోషించాం. కొన్ని వారాలకే వెంట్రుకకంటే సన్నటి ఆ పోగుల్లో చాలా మటుకు మెదడులోంచి వెనక్కి జారిపోయాయి. కంప్యూటరు లెక్కలు మార్చి సర్దుకున్నారు. ఇలా జారవచ్చని జంతువుల పరీక్షల్లోనే సూచన కనిపించిందని అదే రాయిటర్స్ 2024 మేలో రాసింది.

నాకు అర్థమైనది ఇది. తొందరవల్ల రోగి ఒక్కడే కాదు నష్టపోయేది. సరిగా చేసిన పరీక్షలో రెండు గొర్రెలు పోతాయి. సరిగా చెయ్యని పరీక్ష మళ్ళీ చెయ్యాలి, మళ్ళీ గొర్రెలు కావాలి. నిదానం అన్నది మంచంలో వున్నవాడికీ, దొడ్లో వున్నదానికీ కూడా దయే.

పోనీ, అంత నిదానంగా చేస్తే మనిషికి ఏ ఆపదా రాదా? ఏమాటకామాటే చెప్పుకోవాలి. వస్తుంది. గ్రెనోబ్ల్‌లో మనుషులకి విమాజిన్ అమర్చిన మొదటి పరిశోధనలో మొదటి వ్యక్తికి పరికరం పెట్టగానే సాంకేతిక లోపం బయటపడి, తీసేయవలసి వచ్చింది. రెండో అతను తీబో. మెడ కింద నాలుగు కాళ్ళూ చేతులూ పడిపోయిన కుర్రాడు. అతనికి రెండు బిళ్ళలూ పనిచేశాయి. ఒంటికి తొడిగిన మరకవచం లాంటి యంత్రాన్ని ఆలోచనతో నడిపించాడు. పడకుండా ఆ యంత్రాన్ని పైకప్పునించి వేలాడదీశారు. రెండేళ్ళ పరిశీలన తరవాత 2019లో ఆ సంగతి ప్రకటించారు. ఇందాకటి ఆస్కమ్‌కి కూడా కొన్ని నెలలకి చర్మం కింద ఇన్ఫెక్షన్ చేరి, రెండు బిళ్ళల్లో ఒకదాన్ని తీసెయ్యాల్సి వచ్చింది. గొర్రెలు మనకి అభయం ఇవ్వలేదు. తెలిసి అడుగువేసే వీలు మాత్రం ఇచ్చాయి.

మరి గొర్రెల్ని అడిగి చేశారా ఇదంతా? తీబో సంతకం పెట్టాడు, ఆస్కమ్ పెట్టాడు. గొర్రె పెట్టలేదు. ఈ ముల్లు నా గొంతులో ఇంకా అలాగే వుంది. మన దేశంలో దీన్ని మొదట గట్టిగా పట్టించుకున్నది ఒక కళాకారిణి అంటే నాకు గర్వంగా వుంటుంది. కళాక్షేత్ర స్థాపించిన రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభ సభ్యురాలిగా 1950లలో జంతుహింస నివారణకి బిల్లు ప్రవేశపెట్టింది. ప్రభుత్వమే చట్టం తెస్తుందని నెహ్రూగారు మాట ఇస్తే ఉపసంహరించుకుంది. ఆ మాట 1960లో చట్టమైంది. జంతువుల మీద ప్రయోగాలకి అందులో ప్రత్యేకంగా ఒక అధ్యాయం వుంది. చిన్న జంతువుతో సరిపోయేచోట పెద్దదాన్ని వాడకూడదు, కోసేటప్పుడు మత్తు ఇవ్వాలి, చేతివాటం నేర్చుకోవడానికని కొయ్యకూడదు. అంతకు ఒక ఏడాది ముందు, 1959లో, ఇంగ్లండులో రస్సెల్, బర్చ్ అనే ఇద్దరు చెప్పిన మూడు మాటలు ఇవాళ అన్ని దేశాల్లోనూ వినబడతాయి. జంతువు లేకుండా వీలైతే మానెయ్యి. వీలుకాకపోతే సంఖ్య తగ్గించు. ఆ తగ్గించినవాటికి బాధ తగ్గించు.

కొత్త మందుల విషయంలో మొదటి మాటకి దారి దొరుకుతోంది. జంతుపరీక్ష తప్పనిసరి అన్న నియమాన్ని అమెరికా 2022 చివర సడలించింది. మన దేశమూ 2023లో నిబంధనలు మార్చి, ప్రయోగశాలలో పెంచిన కణాల మీద పరీక్షలకి చోటిచ్చింది. కానీ పుర్రెలో బిళ్ళకి ఆ దారి ఇంకా దూరమే. గాజుగిన్నెలో కణాలు నిద్రపోవు, లేవవు, దడికి తల రుద్దుకోవు. గొర్రె రుద్దుకుంటుంది. మనిషి కూడా దిండు మీద తల అటూ ఇటూ దొర్లిస్తాడు.

పోయిన నెల అక్క ఇంటికి వెళ్ళినప్పుడు ఇదంతా మావాడికి చెప్పాను. కథలాగే చెప్పాను, నాకు చేతనయింది అదే కాబట్టి. వాడు కన్నార్పకుండా విని, "పిన్నీ, ఆ గొర్రెల పేర్లేమిటి?" అన్నాడు.

"పరిశోధన పత్రాల్లో గొర్రెలకి పేర్లుండవురా."

"అన్యాయం. ఎప్పటికైనా నాకు ఆ బిళ్ళ పెడితే, నా తల మొదట మోసిన వాళ్ళు కదా వాళ్ళు. చుట్టాల్లెక్క." కాసేపాగి, "నాకోసం తొందరపడొద్దని చెప్పు పిన్నీ వాళ్ళకి. కానీ ఆపొద్దని కూడా చెప్పు" అన్నాడు.

మా అక్కకి చెప్పడమే కష్టమనుకున్నాను. ఇప్పుడప్పుడే కాదక్కా, ఎన్నేళ్ళని ఎవరూ చెప్పలేరు అంటే తల్లి మనసు ఏమయిపోతుందో అని. రాత్రి భోజనాలయ్యాక పక్కన కూర్చుని రెండు గొర్రెల సంగతీ, పది నెలల సంగతీ చెప్పాను. ఆవిడ ఏడవలేదు. ఎందుకు ఏడవలేదో నాకు కాసేపటికి అర్థమైంది.

కదలలేని మనిషికి ఒకేవైపు పడుకోబెడితే వీపున పుండ్లు పడతాయి. ఆ పుండు ముదిరితే ప్రాణం మీదికొస్తుంది. అందుకని రెండు గంటలకొకసారి వాణ్ణి పక్కకి తిప్పాలి. పగలూ రాత్రీ. మూడేళ్ళుగా మా అక్కా, బావగారూ వంతులవారీగా తిప్పుతున్నారు. గోడకి కాగితం అంటించి వుంటుంది. పన్నెండు, రెండు, నాలుగు, ఆరు... తిప్పిన ప్రతిసారీ ఒక టిక్కు. మూడేళ్ళలో వాడి వీపున ఒక్క పుండు పడలేదు. చూడవచ్చినవాళ్ళు ఎవరూ ఆ సంగతి ఎత్తరు. "కాళ్ళేమైనా కదులుతున్నాయా?" అని అడిగి, "అయ్యో" అని వెళ్ళిపోతారు.

"అయితే వాళ్ళూ కాగితం మీద రాసుకునే వుంటారన్న మాట, రోజూ" అంది అక్క.

"రాసుకునే వుంటారు."

"గొర్రెల్ని చూసుకోవడానికి ఒక మనిషి వుండి వుంటాడు కదే. మేత వెయ్యడానికీ, కట్టు చూడటానికీ."

"వుంటారక్కా. వుండకపోతే ఎలా?"

"పది నెలలు." ఆవిడ వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది. "చేత్తో మేత తిన్నది మనిషిని గుర్తుపడుతుందే. ఆఖరి రోజు ఆ మనిషి ఏం చేసి వుంటాడంటావు?"

నా దగ్గర జవాబు లేదు. చదివిన కాగితాల్లో ఎక్కడా అది లేదు. అక్క జవాబు కోసం చూడలేదు కూడా. గడియారం పది కొట్టింది. లేచి, చెంగు నడుముకి దోపుకుని, "రా, కాస్త ఆ పక్క పట్టు" అంది. ఇద్దరం కలిసి వాణ్ణి కిటికీవైపుకి తిప్పాం. అక్క వీపు తడిమి చూసి, పౌడరు అద్ది, కాగితం మీద పది దగ్గర టిక్కు పెట్టింది.